వేడి ప్రాంతపు తోటలో ఐరిస్ కుటుంబపు పూలు: చోటు ఎంచుకోవడం నుంచి దుబ్బు విడదీయడం దాకా

ఐరిస్ పూల మీద మనసు పడినవాళ్లు చాలావరకు మొదట తెచ్చుకునేది బియర్డెడ్ ఐరిస్. కిందికి వాలిన రెక్కల మీద మెత్తటి నూగు గీత, పైకి లేచిన రెక్కల్లో ఊదా, పసుపు, గోధుమ రంగుల జోడింపులు చూస్తే ఎవరికైనా కావాలనిపిస్తుంది. కానీ వేడి ప్రాంతాల్లో ఆ మొక్క ఎక్కువగా నిరాశే మిగులుస్తుంది. దాని దుంప కొన్ని వారాల పాటు గట్టి చలిలో గడపాలి. అప్పుడే సరిగా పూస్తుంది. చలి లేని చోట ఆకులు వేసి ఊరుకుంటుంది. ఆ పైన వెచ్చటి వానలు పట్టుకున్నాయంటే, నేల మీదికి తేలి ఉండే దుంప మెత్తబడి కుళ్ళిపోతుంది. అలా పోయినప్పుడు తమ హస్తవాసి మంచిది కాదని బాధపడేవాళ్లున్నారు. వాళ్ల చేతిలో లోపం ఏమీ లేదు, ఆ మొక్క పుట్టిన వాతావరణం వేరు.

ఐరిస్ కుటుంబంలో 2,000కు పైగా జాతులున్నాయి. వాటిలో వేడిని హాయిగా తట్టుకునేవి, చలి అవసరమే లేకుండా పూసేవి బోలెడున్నాయి. ఆఫ్రికా నుంచి, బ్రెజిల్ నుంచి, ఆసియా నుంచి, అమెరికా దక్షిణపు చిత్తడి నేలల నుంచి వచ్చిన అలాంటి మొక్కల గురించే ఈ వ్యాసం. కత్తిలాంటి ఆకులు, విసనకర్రలా విచ్చుకునే పిలకలు, ఉదయం విప్పారే పూలు, అన్నీ ఐరిస్ పోలికలే. ఆకులు చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. కానీ పూసిన తర్వాత పూకాడ చేసే పని ఒక్కోదానిలో ఒక్కోలా ఉంటుంది. కత్తెర పట్టే ముందు ఆ సంగతి తెలుసుకోవడమే వీటి పెంపకంలో అసలు కిటుకు. ఎక్కువ చోటు దానికే ఇస్తాను.

కొనే ముందు గుర్తుపట్టడం

ఈ మొక్కల్లో చాలావాటికి నర్సరీల్లో లిల్లీ అనే పేరు తగిలిస్తారు. ఫోర్ట్‌నైట్ లిల్లీ, లెపర్డ్ లిల్లీ, బ్లాక్‌బెర్రీ లిల్లీ అలాంటివే. పువ్వు ఉంటే అనుమానం తీర్చుకోవడం తేలిక. లోపలి కేసరాలు లెక్కపెట్టండి. నిజమైన లిల్లీకి ఆరుంటాయి, ఐరిస్ కుటుంబానికి మూడే. పువ్వు లేకపోతే ఆకు మొదలు చూడండి. ఐరిస్ జాతుల ఆకులు మొదట్లో నిలువునా మడతపడి ఉంటాయి. ఒక ఆకు మడతలోంచి ఇంకో ఆకు పుట్టి, మొత్తం పిలక బల్లపరుపుగా విసనకర్ర ఆకారంలో కనిపిస్తుంది.

ఫోర్ట్‌నైట్ లిల్లీ అసలు పేరు డైటీస్. దానిలో పెద్ద రకపు పువ్వు దొరికితే ఒక్క నిమిషం ఆగి చూడండి. బయటి మూడు రెక్కలు వెడల్పుగా, తెల్లగా ఉంటాయి. ఒక్కోదాని మొదట్లో పసుపు పట్టీ ఉంటుంది. లోపలి మూడు రెక్కలు కాస్త చిన్నవి. నడిమధ్యన లేత ఊదా రంగులో మరో మూడు చిన్న రెక్కల్లాంటివి లేచి ఉంటాయి. నిజానికి అవి రెక్కలు కావు, కీలం, అంటే పువ్వులోని ఆడ భాగపు కాడ, చీలి పరుచుకున్న కొమ్మలు. ఒక్కో కొమ్మ కింద ఒక్కో కేసరం నక్కి ఉంటుంది. తేనెటీగ పసుపు పట్టీ వెంబడి లోపలికి దూరినప్పుడు దాని వీపుకు పుప్పొడి అంటుకుంటుంది. అది ఇంకో పువ్వులో దూరినప్పుడు ఆ పుప్పొడి కీలానికి తగులుతుంది. ఒక్క రోజు, మహా అయితే మూడు రోజులు ఉండే పువ్వులో ఇంత ఏర్పాటు ఉండటం నాకు ఎప్పుడు చూసినా ముచ్చటేస్తుంది.

మొదటి అడుగు: మీ చోటును చదవడం

మొక్క కంటే ముందు చోటు. ఎక్కడ నాటాలనుకుంటున్నారో అక్కడ ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఎండ ఎలా పడుతోందో ఒక రోజంతా గమనించండి. ఉదయపు ఎండ నాలుగైదు గంటలు పడి, మధ్యాహ్నానికి నీడ వచ్చే చోటు ఈ కుటుంబంలో చాలావాటికి నచ్చుతుంది. రోజంతా మండే చోటుకూ, పగలంతా నీరెండ మాత్రమే ఉండే చోటుకూ వేరువేరు మొక్కలున్నాయి. అవేమిటో తర్వాత చెబుతాను.

రెండోది నీరు. 30 సెంటీమీటర్ల లోతు గుంత తవ్వి నిండా నీళ్లు పోయండి. అవి ఇంకిపోయాక మళ్లీ నింపి, ఈసారి మట్టం ఎంత వేగంగా దిగుతోందో చూడండి. గంటకు కనీసం రెండు మూడు సెంటీమీటర్లు దిగుతుంటే మంచి చోటే. చాలాసేపు నీరు కదలకుండా నిలిచి ఉంటే అది చిత్తడి చోటు. అక్కడ చిత్తడిని ఇష్టపడే లూసియానా ఐరిస్ తప్ప మిగతావి నాటాలంటే మడిని 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎత్తు చేయక తప్పదు. ఈ పరీక్షకు పట్టే సమయం చూసి బద్ధకించకండి. వేడి ప్రాంతాల్లో ఈ మొక్కలు ఎండకు చనిపోయేది తక్కువ. వేడి, నిలవ నీరు రెండూ ఒకేసారి కలిసినప్పుడే ఎక్కువగా పోతాయి.

రెండో అడుగు: చోటుకు తగ్గ మొక్క

మొదటిసారి పెంచేవాళ్లు ఏది నాటాలని అడిగితే నేను డైటీస్ పేరే చెబుతాను. ఆఫ్రికన్ ఐరిస్ అని కూడా అంటారు. ఈ ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల గుంపులో, ఆరు జాతులుంటే ఐదు ఆఫ్రికావి. ఆరోది వింతగా ఆస్ట్రేలియాకు తూర్పున ఉన్న లార్డ్ హోవ్ దీవిలో మాత్రమే పెరుగుతుంది. తోటల్లో ఎక్కువగా కనిపించేవి మూడు. డైటీస్ ఇరిడియాయిడిస్ చిన్నది, తెల్లటి పువ్వు, ఒక్క రోజే ఉంటుంది. డైటీస్ గ్రాండిఫ్లోరా పువ్వు పెద్దది, దాదాపు మూడు రోజులు నిలుస్తుంది. డైటీస్ బైకలర్ లేత పసుపు పువ్వు, మొదట్లో ముదురు గోధుమ మచ్చలుంటాయి, ఆకులు సన్నగా ఉంటాయి. మూడూ మోకాలి ఎత్తు నుంచి నడుము ఎత్తు దాకా దుబ్బు కట్టి, ఏడాది పొడవునా పచ్చగా ఉంటాయి. పూత విడతలు విడతలుగా వస్తుంది. ఒక విడత అయ్యాక రెండు వారాలు అటూ ఇటూగా ఇంకో విడత అందుకుంటుంది. ఎండైనా, కొద్దిపాటి నీడైనా ఫర్వాలేదు. ఒకసారి వేళ్లు దిగాక నీటి ఎద్దడినీ ఓర్చుకుంటుంది.

చెట్ల కింద నీరెండ చోటుకు నియోమారికాను మించింది లేదు. వాకింగ్ ఐరిస్ అనేది దీనికే ఇంకో పేరు. ట్రైమీజియా అనే పేరుతో కూడా దొరుకుతుంది. బ్రెజిల్, దాని చుట్టుపక్కల అడవుల మొక్క. నియోమారికా గ్రాసిలిస్ పువ్వు బయటి రెక్కలు తెల్లగా, లోపలి రెక్కలు నీలంగా మెలితిరిగి ఉంటాయి, మంచి వాసన ఉంటుంది. నియోమారికా సెరూలియా ఇంకా పొడవు పెరుగుతుంది, ముదురు నీలం పూలు పూస్తుంది. నియోమారికా లాంగిఫోలియా పసుపు రంగుది. పువ్వు ఉదయం విప్పి సాయంత్రానికి ముడుచుకుపోతుంది. కానీ ఒక దుబ్బు ఒకే రోజున చాలా పూలు ఇస్తుంది. ఒక పిలకకు 12 ఆకులు వస్తేనే పూస్తుందని పెంచేవాళ్లలో ఒక మాట ఉంది. లెక్క అంత కచ్చితంగా పనిచేయదు గానీ, పిలక ముదిరితేనే పూస్తుందన్నది నిజం.

రోజంతా ఎండ పడే చోటుకు ఐరిస్ డొమెస్టికా. పాత పేరు బెలమ్‌కాండా చైనెన్సిస్, నర్సరీల్లో ఇప్పటికీ ఆ పేరే వాడతారు. డీఎన్‌ఏ ఆధారంగా 2005లో దీన్ని ఐరిస్ ప్రజాతిలో కలిపారు. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీన్ని ఆర్కిడ్‌గా లెక్కగట్టి పేరు పెట్టాడు, డొమెస్టికా అనే భాగం ఆ పేరు నుంచి వచ్చిందే. ఇది ఆసియా మొక్క. నారింజ రంగు పూలు, వాటి మీద ఎర్ర చుక్కలు. ఆరు రెక్కలూ ఒకే తీరున పరుచుకుని ఉంటాయి, అందుకే మిగతా ఐరిస్‌ల పోలిక పువ్వులో కనిపించదు, ఆకుల్లో కనిపిస్తుంది. ఒక్కో మొక్క ఆయుష్షు కొన్నేళ్లే. కానీ గింజ పడి మొలిచి తన చోటు తానే నిలబెట్టుకుంటుంది.

తడి చోటు ఉన్నవాళ్లు అదృష్టవంతులు, లూసియానా ఐరిస్‌లు పెట్టుకోవచ్చు. అమెరికాలో మిసిసిపీ నది దిగువన, గల్ఫ్ తీరపు చిత్తడి నేలల్లో పెరిగే ఐదు జాతుల నుంచి వచ్చిన సంకరాలివి. ఎరుపు, ఇటుక రంగు, నీలం, పసుపు, తెలుపు, ఎన్ని రంగులు కావాలంటే అన్ని. బియర్డెడ్ ఐరిస్ అందం కావాలని పట్టుబట్టేవాళ్లకు వేడి ప్రాంతంలో నేను చూపించే దారి ఇదే. ఒక షరతు ఉంది. ఏడాదిలో కొన్ని వారాలైనా రాత్రులు చల్లబడే చోట ఇవి బాగా పూస్తాయి. ఏడాదంతా ఒకే వేడి ఉండే చోట పూత పలచబడుతుంది. అలాంటి చోట నియోమారికా మీద నమ్మకం పెట్టుకోవడం మేలు.

అరిస్టియా ఎక్లోనీ చిక్కటి నీలం పూలతో బాగుంటుంది, కానీ ఒకసారి నాటాక కదిలిస్తే అలుగుతుంది. క్రోకోస్మియా నారింజ పూల వరస చూడముచ్చటగా ఉంటుంది. అయితే దాని దుంపలు ఒకదాని మీద ఒకటి గొలుసులా పేరుకుంటాయి, తవ్వితే విడివడి ప్రతిదీ కొత్త మొక్క అవుతుంది. చాలా దేశాల్లో అది కలుపు మొక్కగా మారింది. పసుపు పూల నీటి ఐరిస్, అంటే ఐరిస్ సూడాకోరస్, విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. చెరువులకు, కాలువలకు దగ్గరలో అది అసలు నాటవద్దు. గింజలు నీళ్ల మీద తేలుతూ పోయి గట్టంతా ఆక్రమిస్తుంది.

మూడో అడుగు: మడి తయారీ, నాటడం

ముదురు ఎండల్లో నాటకండి. వేడి తగ్గి, నేల ఇంకా వెచ్చగా ఉన్న రోజులు మంచివి. అదును చూసి నాటితే వేళ్లు చకచకా దిగుతాయి. లూసియానా ఐరిస్‌కు వేసవి చివర, కొత్త పెరుగుదల మొదలయ్యే ముందు సరైన సమయం.

ఒక పార లోతున, సుమారు 25 నుంచి 30 సెంటీమీటర్లు, మట్టి గుల్ల చేయండి. నేల పదును మీద ఉన్నప్పుడే ఈ పని చేయాలి. బాగా తడిసిన బంకమట్టిని తవ్వితే గడ్డలు కట్టి ఇటుకల్లా ఎండిపోతుంది. మూడు వంతుల మట్టికి ఒక వంతు బాగా చివికిన కంపోస్ట్ కలపండి. పచ్చి ఎరువు వద్దు, దుంపలకు కుళ్ళు తగలడానికి అదే దారి. బంకమట్టిలో గుప్పెడు ఇసుక కలిపితే సరిపోతుందని కొందరంటారు. కొద్దిపాటి ఇసుక వల్ల లాభం లేదు, మట్టి ఇంకా బిగుసుకుంటుంది. కంపోస్ట్ పెంచడం, మడి ఎత్తు చేయడం రెండే నిజంగా పనిచేసేవి. లూసియానా ఐరిస్‌కు నేల కాస్త పుల్లగా, పీహెచ్ 6.5 లేదా అంతకంటే తక్కువ ఉండాలి. ఆ మడిలో సున్నం, బూడిద వేయకండి.

నాటే ముందు ఆకులను సగానికి కత్తిరించండి. వేళ్లు కుదురుకునే లోపు ఆకుల నుంచి నీరు పోవడం తగ్గుతుంది, గాలికి మొక్క ఊగదు. గుంత మధ్యలో మట్టిని చిన్న దిబ్బగా చేసి, దుంపను దాని మీద కూర్చోబెట్టి, వేళ్లను రెండు పక్కలా కిందికి పరచండి. ఇప్పుడు లోతు సంగతి. డైటీస్, నియోమారికాలకు ఆకులు మొదలయ్యే చోటు సరిగ్గా నేల మట్టంలో ఉండాలి. ఐరిస్ డొమెస్టికా, లూసియానా ఐరిస్ దుంపల మీద రెండు మూడు సెంటీమీటర్ల మట్టి ఉండాలి. లూసియానా దుంప ఎండ తగిలితే వాడిపోతుంది, కనుక పైన ఆకుల పొర కూడా కప్పాలి. బియర్డెడ్ ఐరిస్ దుంపను ఎండలో తేలేలా నాటాలన్న సలహా మీరు ఎక్కడైనా చదివి ఉంటే వీటి విషయంలో దాన్ని పక్కన పెట్టండి.

ఎడం విషయంలో పిసినారితనం వద్దు. డైటీస్‌కు 60 నుంచి 90 సెంటీమీటర్లు, నియోమారికా, లూసియానాలకు 45 నుంచి 60, ఐరిస్ డొమెస్టికాకు 30 సరిపోతుంది. మొదటి ఏడాది మడి బోసిగా కనిపిస్తుంది. మూడో ఏటికి దుబ్బులు ఒకదానికొకటి తగులుకుంటాయి. మట్టి చేత్తో గట్టిగా అదిమి, కుదురు నిండా నీళ్లు పోయండి. ఎండ ఎక్కువగా ఉంటే మొదటి వారం పదిరోజులు పలచటి నీడ ఏర్పాటు చేయండి.

నాలుగో అడుగు: నీరు, ఎరువు

మొదటి రెండు నెలలు పైమట్టి ఆరకుండా చూసుకుంటే చాలు. ఆ తర్వాత ఒక్కో మొక్కదీ ఒక్కో తీరు. డైటీస్‌కు వారానికి ఒకసారి లోతుగా పెట్టిన నీరు, రోజూ చిలకరించే నీటికంటే ఎక్కువ మేలు చేస్తుంది. నీరు లేకపోయినా బతుకుతుంది, కానీ పూలు తగ్గుతాయి. నియోమారికాకు నేల ఎప్పుడూ చెమ్మగా ఉండాలి. ఐరిస్ డొమెస్టికాకు రెండు తడుల మధ్య పైమట్టి ఆరనివ్వాలి. లూసియానా ఐరిస్ పెరిగే రోజుల్లో అసలు ఎండకూడదు, 10 సెంటీమీటర్ల నీళ్లు నిలిచే చోట కూడా సంతోషంగా పెరుగుతుంది.

ఎండిన ఆకులు, గడ్డి, చెక్క పొట్టు ఏదైనా ఐదారు సెంటీమీటర్ల మందాన మడి మీద పరచండి. లూసియానా మినహా మిగతావాటిలో ఆ పొర కుదురుకు ఆనకుండా నాలుగు వేళ్ల దూరం వదలాలి.

ఎరువు ఎక్కువైతే వచ్చే నష్టం, తక్కువైతే వచ్చే నష్టం కంటే పెద్దది. నత్రజని ఎక్కువ పెడితే ఆకులు ఏపుగా లేచి, మెత్తబడి, పురుగును పిలుస్తాయి. పూలు మాత్రం రావు. డైటీస్, నియోమారికా, ఐరిస్ డొమెస్టికాలకు ఏడాదికి రెండుసార్లు కంపోస్ట్ పలచగా వేస్తే చాలు. లూసియానా ఐరిస్ ఒక్కటే తిండిపోతు. పెరుగుదల మొదలైనప్పుడు ఒకసారి, మొగ్గ కనిపించే ముందు ఒకసారి కంపోస్ట్‌తో పాటు సమతుల్యమైన ఎరువు కూడా ఇవ్వాలి.

ఐదో అడుగు: పూకాడను ఏం చేయాలి

పూలు రాలిన కాడ ఎండుపుల్లలా కనిపిస్తే కత్తెర చేతిలో ఊరుకోదు. అలా శుభ్రం చేసిన తోటల్లోనే డైటీస్ పూయడం లేదన్న ఫిర్యాదు ఎక్కువగా వింటాను.

డైటీస్ కాడను దగ్గరగా పరీక్షించండి. సన్నటి, గట్టి కాడ. దాని కణుపుల దగ్గర, కొన దగ్గర ఆకుపచ్చటి తొడుగులుంటాయి. ఒక్కో తొడుగులో పువ్వు ఒకటే ఉండదు, వరసగా కొన్ని మొగ్గలుంటాయి. ఒకటి పూసి వాడిపోయాక, కొన్ని రోజులకు అదే తొడుగులోంచి ఇంకోటి తొంగిచూస్తుంది. ఇరిడియాయిడిస్‌లో అయితే ఒకే కాడ ఏళ్ల తరబడి పూస్తుంది. అందుకే పచ్చగా ఉన్నంతకాలం కాడను ముట్టుకోకూడదు. వాడిన పువ్వును మాత్రం వేళ్లతో తుంచేయండి. దాని వెనక మూడు పలకల ఆకుపచ్చ కాయ ఉబ్బుతుంటే అదీ తీసేయండి. గింజ కట్టడానికి పోయే శక్తి తర్వాతి విడతకు మిగులుతుంది, అక్కర్లేని చోట మొలకలూ రావు. కాడ మొదటి నుంచి గోధుమ రంగుకు తిరిగి పెళుసుబారినప్పుడే కొయ్యాలి. మరీ పొడవై దారికి అడ్డం పడితే కింది కణుపుకు కాస్త పైన కొయ్యండి, మొదలంటా కాదు. ఒక్కోసారి కణుపు దగ్గర చిన్న పిలక పుడుతుంది. అది దొరికితే వేరుచేసి కుండీలో పెట్టుకోవచ్చు.

నియోమారికా పూకాడను మొదట చూసినవాళ్లు దాన్ని కాడ అనుకోరు. అచ్చం ఆకులా బల్లపరుపుగా, వెడల్పుగా ఉంటుంది. పువ్వు ఆకు పక్కలోంచి పుట్టినట్టు కనిపిస్తుంది. పూత అయ్యాక అక్కడే ఒక చిన్న పిల్లమొక్క ఊపిరి పోసుకుంటుంది. అది పెరిగేకొద్దీ బరువుకు కాడ వంగి నేలను తాకుతుంది, పిల్లమొక్క అక్కడ వేళ్లు దించుకుంటుంది. తర్వాత అది పూసి, తన కాడను ఇంకాస్త ముందుకు వంచుతుంది. తోటలో ఇది నడుస్తూ పోతుందనడానికి కారణం ఇదే. మీకు కొత్త మొక్కలు కావాలంటే వంగిన కాడ కొనను పక్కనే మట్టి నింపిన కుండీలోకి మళ్లించి, వంచిన ఇనుప తీగ ముక్కతో నొక్కిపెట్టండి. ఐదారు వారాల తర్వాత మెల్లగా లాగి చూడండి. పట్టు తెలిస్తే తల్లితో ఉన్న కాడను కోసేయండి. దుబ్బు ఒకేచోట ఉండాలనుకుంటే పూత అయిన వెంటనే కాడను మొదట్లో తీసేయండి. దీనికి ఆ కోత వల్ల నష్టం లేదు.

ఐరిస్ డొమెస్టికాది ఇంకో దారి. ఒక్కరోజు పువ్వు సాయంత్రానికి, తడి బట్ట పిండినట్టు బిగుతుగా మెలితిరిగి ముడుచుకుంటుంది. కొద్దిరోజుల్లో కాయ లేత ఆకుపచ్చ బుడ్డిలా ఉబ్బుతుంది. ముదిరాక మూడు పొరలుగా పగిలి వెనక్కి వాలితే, లోపల నిగనిగలాడే నల్లటి గింజల గుత్తి బయటపడుతుంది. వారాల తరబడి రాలకుండా అలాగే ఉంటుంది. పూలకంటే ఈ గింజల కోసమే దీన్ని పెంచేవాళ్లున్నారు, నేనూ వాళ్ల పక్షమే. రెండు మూడు కాడలు గింజకు వదిలి, మిగతావి కాయ ముదరక ముందే కోసేస్తే మొక్క అలిసిపోదు. గింజకు వదిలిన కాడ ఎండాక మొదలంటా తీసేయండి.

లూసియానా ఐరిస్ కాడను చివరి పువ్వు వాడగానే నేల మట్టానికి కోయాలి. ఒకసారి పూసిన పిలక మళ్లీ పూయదు. దాని పక్కన పుట్టిన పిలకలే వచ్చే ఏడాది పూతనిస్తాయి. కాయను వదిలేస్తే ఆ పిలకలకు అందాల్సిన బలం గింజలకు పోతుంది.

గింజలతో పెంచాలనుకుంటే

డైటీస్ గింజలు కాయ పగలబోయే ముందు కోసి, తాజాగా ఉన్నప్పుడే విత్తండి. ఐరిస్ డొమెస్టికా గింజలను ఒక రాత్రి నానబెట్టి, సెంటీమీటరు లోతున పెట్టండి. మొలకలన్నీ ఒకేసారి రావు. కొన్ని మూడు వారాలకే లేస్తాయి, కొన్ని నెలలు తీసుకుంటాయి, కనుక ట్రే తొందరపడి పారేయకండి. ఐరిస్ డొమెస్టికా మొదటి లేదా రెండో ఏడాదే పూస్తుంది. డైటీస్‌కు రెండు మూడేళ్ల ఓపిక కావాలి. సంకర రకాల గింజల నుంచి తల్లి పోలిక పువ్వే వస్తుందని అనుకోవద్దు. అదే రంగు కావాలంటే పిలకలే శరణ్యం.

తెగుళ్లు, పురుగులు

ఈ మొక్కలు మొండివి, పురుగుమందుల డబ్బా వెంటనే తెరవాల్సిన అవసరం రాదు. నిజంగా భయపడాల్సింది దుంపకుళ్ళుకు. మధ్య ఆకు పసుపుబారి, పట్టుకుని లాగితే చేతిలోకి వచ్చేసి, మొదలు దుర్వాసన వేస్తే అదే. మొక్కను తవ్వి, మెత్తబడిన భాగమంతా గట్టి కండ కనిపించే దాకా కోసేయండి. కోతకోతకూ కత్తిని స్పిరిట్‌తో తుడవాలి. మిగిలిన దుంపను నీడలో ఒకటి రెండు రోజులు ఆరబెట్టి, వేరే చోట, ఎత్తు మడిలో నాటండి. అదే గుంతలో మళ్లీ పెట్టవద్దు.

ఆకుల మీద తుప్పు రంగు పొక్కులు, గోధుమ మచ్చలు వానల్లో మామూలే. సోకిన ఆకులు తీసేసి, దుబ్బులో గాలి ఆడేలా చేసి, నీరు ఆకుల మీద కాకుండా మొదట్లో పోస్తే చాలావరకు తగ్గుతాయి. పిండినల్లి ఆకుల మడతల్లో దాక్కుంటుంది, పైనుంచి చూస్తే కనపడదు. పిలకను మొదట్లో కాస్త విడదీసి చూడాలి. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, సాయంత్రం వేళ వేపనూనె కలిపిన సబ్బునీళ్లు కొట్టండి. పేనుబంక నీటి ధారకే పోతుంది. నత్తలను చీకటి పడ్డాక ఏరడం ఒక్కటే నమ్మదగిన పద్ధతి.

ఐరిస్ కుటుంబంలో చాలా మొక్కల దుంపలు తింటే విషం, రసం కొందరి చర్మానికి దురద పెడుతుంది. తవ్వేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి. కోసిన ముక్కలను పిల్లలకు, పెంపుడు జంతువులకు అందకుండా తీసేయండి.

ఆరో అడుగు: దుబ్బు విడదీయడం

దుబ్బు మధ్యలో ఆకులు చచ్చి, చుట్టూ మాత్రమే పచ్చగా ఉంటే విడదీసే సమయం వచ్చినట్టే. డైటీస్‌కు, లూసియానాకు సాధారణంగా మూడు నాలుగేళ్లకు ఈ అవసరం వస్తుంది. ముందురోజు బాగా నీరు పెట్టండి. దుబ్బు చుట్టూ పార దించి మొత్తం ఒకే గడ్డగా పైకి లేపండి. ముదురు డైటీస్ దుబ్బు వేళ్లు చేత్తో విడిపోవు, పదునైన పారతో మధ్యకు నరకాల్సిందే, మొహమాటం వద్దు. ఒక్కో ముక్కకు మూడు నాలుగు పిలకలు, వాటి వేళ్లు ఉండేలా చూసుకోండి. ఒంటి పిలకగా విడదీస్తే బతుకుతుంది గానీ పూయడానికి ఇంకో ఏడాది తీసుకుంటుంది. మధ్యలోని ఎండిన దుంపలు పారేసి, ఆకులు మూడో వంతుకు కత్తిరించి, వేళ్లు ఆరకముందే నాటేయండి. గడ్డను ఎండలో వదిలి ఇంకో పనికి వెళ్లకండి.

కుండీల్లో

నియోమారికా, డైటీస్ బైకలర్ కుండీకి బాగా సరిపోతాయి. 30 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు చాలు. వేళ్లు కాస్త ఇరుకైతే బాగా పూస్తాయి, కనుక మరీ పెద్ద కుండీ అక్కర్లేదు. లూసియానా ఐరిస్‌ను రంధ్రం లేని తొట్టిలో, అడుగున మట్టి, పైన కొద్దిపాటి నీళ్లు ఉంచి పెంచవచ్చు. దోమలు చేరకుండా నీరు తరచూ మార్చాలి.

ఆకులున్నాయి, పూలు లేవు అంటే

ముందు నీడ అనుమానించండి. చుట్టుపక్కల చెట్లు రెండు మూడేళ్లలో పెరిగి, నాటినప్పుడున్న ఎండను మింగేసి ఉంటాయి. తర్వాత నత్రజని. పచ్చిక బయలు పక్కన ఉన్న మడి అయితే, గడ్డికి వేసే ఎరువు దీనికీ అందుతూ ఉండవచ్చు. ఆ తర్వాత లోతు. వానలకు కొట్టుకొచ్చిన మట్టి, ఏటా వేసిన కంపోస్ట్ కుదురు మీద పేరుకుని దుంప కిందికి పోయి ఉంటుంది. వేళ్లతో మట్టి పక్కకు తోసి, ఆకులు మొదలయ్యే చోటు కనిపించేలా చేయండి. ఇవేవీ కాకపోతే, పోయిన విడతలో పచ్చి కాడలు ఎవరైనా కోశారేమో కనుక్కోండి. అదే కారణమైతే మొక్కను తవ్వి చోటు మార్చకుండా అక్కడే వదిలేయండి. కొత్త కాడ తీయడానికి ఒక పూర్తి పెరుగుదల కాలం పడుతుంది. విడదీసి నాటిన దుబ్బులకైనా అంతే గడువు ఇవ్వాలి.